పెన్సిలు కింద మచ్చలు

మా అమ్మ చనిపోయాక రెండు ఫోటోలు దిగింది. ఒకటి ఎదురుగా కూర్చుని, ఇంకొకటి పక్కకు తిరిగి. మొదటిది నంద్యాలలో మా ఇంటి నడవలో గోడ మీద ఉండేది. రెండోదాన్ని చూసి ఆళ్లగడ్డ శిల్పి ఒకాయన ఆమె సమాధి రాయి మీద ముఖం చెక్కాడు. ఆ రెండిటినీ చూస్తూ నేను పెరిగాను. చచ్చిపోయిన మనిషి ఫోటోకు ఎలా కూర్చుంటుందని పదిహేడేళ్లు వచ్చేదాకా నాకు తట్టలేదంటే అది నా తెలివితక్కువతనం కాదు. ఇంట్లో పెద్దవాళ్లు అంత పకడ్బందీగా నోళ్లు మూసుకున్నారు.

ఆ మధ్య ఆదివారం పేపర్లో ఎవరో ఫోటోగ్రాఫరు గురించి రాశారు. ఆమె తనను తానే రకరకాల మనుషులుగా మార్చుకుని ఫోటోలు తీసుకుంటుందట. ఒకదాంట్లో గొప్పింటి ముసలమ్మ, ఒకదాంట్లో ఆఫీసు గుమాస్తా, ఇంకొకదాంట్లో ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన పడుచుపిల్ల. వాళ్లెవరూ నిజంగా లేరట, అందరూ ఆమె కల్పించిన వాళ్లేనట. గోడల నిండా వేలాడదీస్తే జనం టికెట్టు కొనుక్కుని చూసి మెచ్చుకుంటున్నారట. మా పిల్లలు నోళ్లు తెరుచుకుని చదివారు. నేను పేపరు మడిచి పక్కన పడేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. నేను అలాంటిదాన్ని టికెట్టు లేకుండానే మా ఇంట్లో చూశాను. రోజూ దానికి ఆ పూట జరిగిన కబుర్లు కూడా చెప్పుకున్నాను.

అమ్మ జ్వరమొచ్చి పోయేనాటికి నాకు నడక కూడా సరిగ్గా రాలేదు. నాయన బడిపంతులు. నాయన తల్లిని జేజీ అని పిలిచేదాన్ని, నన్ను సాకింది ఆమే. నేను బడిలో చేరిన ఏడాదే ఆమె కూడా పోయింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆడమనిషంటే గోడమీది ఫోటోనే. రాత్రి ప్రార్థన అయ్యాక నాయన "అమ్మకు చెప్పి పండుకో పాపా" అనేవాడు. బడిలో ఎవరు నన్ను గిల్లారో, ఎవరు బలపం దొంగిలించారో అంతా చెప్పి పడుకునేదాన్ని.

ఫోటోలో అమ్మ తెల్లగా ఉండేది. కోటేరు ముక్కు, నున్నటి చెంపలు. మధ్య పాపిట తీసుకుని, పూలంచు చీర కట్టుకుని, ఒళ్లో బైబిలు పెట్టుకుని కూర్చునేది. నేనేమో నల్లటి పిల్లను, మొండి ముక్కుదాన్ని. చర్చి అయ్యాక మా ఇంటికొచ్చిన, అమ్మను ఎరగని ఆడవాళ్లు ఒకసారి గోడ వైపు, ఒకసారి నా వైపు చూసి "పిల్లకు తల్లి పోలిక రాకపాయ" అని నిట్టూర్చేవాళ్లు. నాయన విని ఊరుకునేవాడు. ఒకసారైతే నా తల నిమిరి, "ఏం చేస్తాం పాపా, గుణమన్నా మీయమ్మది రానీ" అన్నాడు. ఈ మాట నేను చచ్చేదాకా మరిచిపోను. ఆ రాత్రి నుంచి బట్టలారేసే చెక్క క్లిప్పును ముక్కుకు పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టాను. పొద్దునకి ముక్కు కందిపోయి కనిపించేది తప్ప కోటేరు కాలేదు. బడిలో జలుబు చేసిందని చెప్పుకునేదాన్ని.

అమ్మ తల్లి ఆళ్లగడ్డలో ఉండేది. ఆమెను అవ్వా అనేదాన్ని. సెలవులకు నాయన నన్ను బస్సెక్కించి అక్కడ దింపి వచ్చేవాడు. అవ్వ మా ఇంటికి మాత్రం వచ్చేది కాదు. అమ్మ సమాధి దగ్గరికి కూడా వచ్చేది కాదు. ఒకసారి నేను నాయన పర్సులో ఉండే, గోడమీది ఫోటోకే చిన్న కాపీ అడిగి తీసుకుని, అవ్వకు చూపిద్దామని సంబరంగా పట్టుకెళ్లాను. రొట్టెలు కాలుస్తున్న మనిషి దాన్ని చూసి తల పక్కకు తిప్పుకుంది.

"తీసెయ్ పాపా దాన్ని. పొగకు కండ్లు మండతాండాయి."

పొయ్యిలో పొగ లేదు. కన్నకూతురి ఫోటో చూడని తల్లి ఏం తల్లి అనుకున్నాను. అప్పటి నుంచి అవ్వంటే నాకు లోపల కోపం.

సమాధి రాయి కథ నా ఎనిమిదో ఏట జరిగింది. అమ్మ మీద మంచి రాయి వేయించి, దాని మీద ఆమె ముఖం చెక్కించాలని నాయనకు పట్టుదల. బొమ్మలెందుకని చర్చి పెద్దలు కొందరు గొణిగారు. నాయన వినలేదు. నన్ను వెంటేసుకుని ఆళ్లగడ్డ వెళ్లాడు. రోడ్డు పక్కన పందిళ్ల కింద సగం చెక్కిన నరసింహస్వాములు, తలకాయలు మాత్రమే తేలిన సింహాలు, ఎగిరే రాతి పొడి. తలకు తువ్వాలు చుట్టుకున్న శిల్పి ఫోటోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సారూ, పండబెట్టే బండ మీద ఎదురు మొగం చెక్కితే ముక్కు నిలబడదు. నాలుగు దినాలకే ఎవురో ఒకరు కాలు తగిలిచ్చి ఇరగ్గొడతారు. పక్క మొగం ఫోటో ఉంటే తీస్కరా. అదైతే నూరేండ్లుంటాది."

"పక్క మొగం లేదప్పా" అన్నాడు నాయన.

"యాడన్నా ఎతుకు సారూ. పెండ్లి ఫోటోల్లో ఉండదా?"

నాయన ఫోటో తీసుకుని నన్ను బస్సెక్కించాడు. తర్వాతి నెల మళ్లీ వెళ్లినప్పుడు ఆయన చేతి సంచిలో పక్క ముఖం ఫోటో ఉంది. అదే పూలంచు చీర, అదే పాపిట. కిటికీ వైపు చూస్తున్న అమ్మ. "యాడ దొరికె నాయనా?" అని అడిగాను. "ఉండె పాపా, పాత పెట్టెలో" అన్నాడు. ఆ ఫోటో అట్ట కొత్తగా, ఇంకా మందు వాసన వేస్తూ ఉందని నాకు గుర్తు. ఎనిమిదేళ్ల పిల్లకు అందులో అనుమానించడానికి ఏముంటుంది? నాకు ఇంకో అమ్మ ఫోటో దొరికిందన్న సంతోషమే.

రాయి బాగా వచ్చింది. సమాధి మీద పడుకోబెట్టిన బండ, దాని మధ్య గుండ్రటి గీతలో అమ్మ పక్క ముఖం. ఈస్టరు రోజు తెల్లవారుజామున మా వాళ్లంతా సమాధుల దగ్గరికి వెళ్లి, సున్నం కొట్టి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. పాటలు పాడతారు. గాలికి కొవ్వొత్తి ఆరిపోకుండా తలవైపు కూర్చుని చెయ్యి అడ్డం పెట్టడం ప్రతి ఏడూ నా పని. అక్కడి నుంచి చూస్తే అమ్మ ముఖం నాకు తలకిందులుగా కనిపించేది. గడ్డం అవతల, నుదురు ఇవతల. పాటలు అయ్యేదాకా నుదుటి మీద వేలు పెట్టి, ముక్కు మీదుగా, పెదాల మీదుగా, గొంతు దాకా గీసుకుంటూ పోయేదాన్ని. ఆ గీత నాకు కళ్లు మూసుకున్నా వచ్చేది. అందరికీ వాళ్ల అమ్మలు నిలువుగా తెలుసు, నాకు మా అమ్మ తలకిందులుగా తెలుసు.

ఎనభైల్లో, నేను ఇంటర్మీడియట్ తప్పి, నాయన కళ్లపడకుండా తిరుగుతున్న రోజుల్లో ఆయనే టైపు నేర్చుకోమని పంపించాడు. టైపు నేర్పే మేడ కింద ఒక ఫోటో స్టూడియో ఉండేది. దాన్ని నడిపేది ఒకామె. ఆమె తండ్రి పెట్టిన స్టూడియో అది. ఆయన పోయాక, పెళ్లీ గిళ్లీ జోలికి పోకుండా ఆమే కెమెరా పట్టింది. ఊళ్లో అందరూ ఫోటో అక్క అనేవాళ్లు. నేనూ అక్కా అనే పిలిచాను, ఆమె నన్ను చనువుగా మే అనేది. ఆమె ముఖం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. మధ్యరకం రంగు, మధ్యరకం ఎత్తు, చూసిన కాసేపటికే మరిచిపోయే ముఖం. చీర మార్చుకుని బజార్లో ఎదురొస్తే నేను పలకరించకుండా దాటిపోయిన రోజులున్నాయి. ఆ ముఖమే ఆమె ఆస్తి అని తర్వాత తెలిసింది.

గిరాకీ లేని మధ్యాహ్నాలు ఆమె షట్టరు సగం దించి వేషం కట్టేది. నాటకానికి కాదు, ఎవరికీ చూపించడానికీ కాదు. కట్టుకుని, కెమెరా ముందు కూర్చుని, ఫోటో తీసుకునేది. ఒకరోజు బేతంచెర్ల బండల ఫ్యాక్టరీ ఓనరు. పంచె కట్టి, కనుబొమ్మలకు సున్నపుపొడి రాసుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చునేది. "వీనికి ముగ్గురు కొడుకులు మే, ఒక్కడూ మాటినడు" అని చెప్పేది. ఇంకొకరోజు అహోబిలానికి మొక్కు తీర్చుకోవడానికి వచ్చి, చివరి బస్సు తప్పిపోయిన ముసలామె. బుగ్గల్లో దూది ఉండలు, పళ్ల మీద బొగ్గు. మరోరోజు జీపులో తిరిగే లేడీ డాక్టరు, ఎవరినీ నమ్మదు, పర్సు ఒళ్లోనే పెట్టుకుంటుంది. ఒక్కొక్కరికీ పేరుండదు గానీ ఊరుండేది, యాస ఉండేది, కడుపులో ఒక బాధ ఉండేది. ఫోటో తీసుకునేదాకా ఆమె ఆ గొంతుతోనే మాట్లాడేది. నేను పగలబడి నవ్వేదాన్ని. నా బతుకులో అంత నవ్వింది ఆ ఏడాదే.

ఆమె కెమెరా పాతకాలపుది. మూడుకాళ్ల మీద నిలబెట్టిన పెద్ద చెక్క పెట్టె. వెనక నల్లగుడ్డ కప్పుకుని చూస్తే గాజు పలక మీద ఎదుటి మనిషి తలకిందులుగా కనబడతాడు. అంతకుముందు ఆమె పొడవాటి రబ్బరు గొట్టం చివర బుడ్డిని కాలి కింద పెట్టుకుని, ఆ బుడ్డి నొక్కి తన ఫోటో తానే తీసుకునేది. నేను వచ్చాక ఆ బుడ్డి నా చేతికిచ్చింది. "నువ్వు చూస్తాంటే నాకు ధైర్నంగా ఉంటాది మే" అంది. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. నాకు అమ్మ గొంతు తెలియదు, ఉంటే ఇలాగే ఉండేదేమో అనుకున్నాను.

ఫోటోలు దిద్దే పని కూడా నేర్పింది. నెగెటివ్‌లో నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా ఉంటుంది కదా. ముఖం మీద మచ్చ ఉంటే అక్కడ నెగెటివ్ పలచగా, గాజులాగా మెరుస్తుంది. పొడుగ్గా చెక్కిన పెన్సిలుతో ఆ చోట సన్నటి చుక్కలు పెట్టి నింపితే, అచ్చులో మచ్చ కనబడదు. పెళ్లిచూపులకు పంపే ఫోటోలన్నీ ఇలాగే నున్నబడేవి. అచ్చు కొట్టేటప్పుడు వెలుతురు తగ్గిస్తే ముఖం తెల్లబడుతుంది, పెంచితే నల్లబడుతుంది. తప్పు పడితే దూదికి టర్పెంటైన్ తడి చేసి తుడిస్తే పెన్సిలు పోతుంది, మచ్చ మళ్లీ బయటికొస్తుంది. "మచ్చ యాడికీ పోదు మే, పెన్సిలు కింద పండుకోనుంటాది" అనేది అక్క.

వానలకు మా గోడ చెమ్మెక్కి అమ్మ ఫోటో మూల మరక పట్టింది. బాగుచేయించమని అక్క దగ్గరికే తీసుకెళ్లాను. ఆమె ఫ్రేము విప్పి, ఫోటోను వెలుతురుకు పట్టుకుని చూసింది. నేను పక్కనే నిలబడి, ఆ ఫోటోతో నేను చెప్పుకునే కబుర్లన్నీ ఆమెకు చెప్పాను. క్లిప్పు సంగతి కూడా చెప్పాను. అది నేను ఎవరికీ చెప్పని సంగతి. ఆమె అంతా విన్నది. కనురెప్ప కూడా కదపలేదు.

"మంచి మొగం. ఎవురో గాని బాగా తీసినారు" అంది.

మరక తుడిచి, ఫ్రేము బిగించి ఇచ్చింది. నేను థాంక్స్ చెప్పి ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

తర్వాత ఎన్నాళ్లకో, ఒక మధ్యాహ్నం అక్క కొత్త మనిషిని కట్టింది. గుంటూరు రైలెక్కి ఉద్యోగానికి పోతున్న నర్సమ్మ అట. ఇంటివాళ్లు వద్దన్నా బయలుదేరింది. రైలు కదిలాక కిటికీలోంచి ఊరివైపు చూస్తోంది. "ఈమె మనల్ని చూడదు మే, ఊరును చూస్తాది" అంటూ అక్క స్టూలు తిప్పి, కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చుంది. అంతకుముందు ఆమె కట్టిన మనుషులందరూ కెమెరా వైపే చూసేవాళ్లు. పక్కకు తిరగడం నేనెప్పుడూ చూడలేదు. అది ఆమె జాగ్రత్తేనేమో, ఆ రోజు వేషం ధ్యాసలో పడి మరిచిపోయిందేమో, నాకు తెలియదు.

నేను నల్లగుడ్డ కప్పుకుని గాజు పలక చూశాను. తలకిందులుగా ఒక పక్క ముఖం. గడ్డం అవతల, నుదురు ఇవతల. నా వేలు దానంతటదే లేచి పలక మీద ఆనింది. నుదురు, ముక్కు, పెదాలు, గొంతు. గీత ఎక్కడా తప్పలేదు. ఈస్టరు చీకట్లో కొవ్వొత్తి వెనక కూర్చుని ఇన్నేళ్లు గీసిన గీత. మా అమ్మ సమాధి మీద ఉన్న ముఖం ఆ స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఏందీ, నొక్కవేం?" అంది అక్క, అటే చూస్తూ.

గుడ్డ తీసేసి బయటికొచ్చాను.

"మా అమ్మ ఫోటోలో ఉండేది నువ్వా?"

ఆమె నా వైపు తిరిగింది. నర్సమ్మ ముఖం జారిపోయి అక్క ముఖం వచ్చింది. కాదని అంటుందేమోనని, అనాలని, నేను ఎదురుచూశాను. ఆమె కొంగుతో పౌడరు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"సారు చెప్పద్దన్నాడు పాపా."

అప్పుడు మొత్తం చెప్పింది. రెండు ఫోటోల్లోనూ ఉన్నది తానేనని, రెండోది రాయి కోసం నాయన మళ్లీ వచ్చి అడిగితే తీసిందని. ఇంట్లో ఫోటో లేని మనిషి చనిపోతే, పోలిక ఉన్న ఇంకొకరికి ఆ మనిషి చీర కట్టించి, కూర్చోబెట్టి ఫోటో తీయించుకోవడం ఆ రోజుల్లో ఉండేదట. పిల్లలకు చూపించడానికి ఒక ముఖమంటూ ఉండాలని. మా అమ్మకు ఒక్క ఫోటో కూడా లేదు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖమంతా గుంతలు పడ్డాయి, అందుకని ఆమె కెమెరా కనబడితే పారిపోయేదట. పెళ్లిలో కూడా కొంగు అడ్డం పెట్టుకుందట. ఆమె పోయాక నాయనా, అవ్వా కలిసి స్టూడియోకి వచ్చారు. కూర్చోవడానికి పోలిక ఉన్నవాళ్లెవరూ దొరకలేదు. నేనే కూర్చుంటానంది అక్క. అవ్వ అమ్మ చీర తెచ్చింది. ఒక పగలంతా ఎదురుగా కూర్చుని చెప్పింది. మచ్చ ఈడ, గుంత ఆడ. అక్క తుమ్మబంక చుక్కలు పెట్టుకుని ఆరనిస్తే చర్మం ముడుచుకుని గుంతలు పడ్డాయి. ముక్కు మాత్రం మార్చడం చేతకాలేదు.

"అంతా అయినాక మీ అవ్వ లేసి నిలబడి, నన్ను గట్టిగ పట్టుకోని ఏడ్సింది. నా బిడ్డా, నా బిడ్డా అని. నన్నట్ల ఎవురూ పట్టుకోలేదు మే. ఆ పొద్దు నుంచే నాకీ పిచ్చి పట్టింది. ఇంగొక మనిషయితే తప్ప నాకు నేను బతికినట్లే ఉండదు."

అంటే నేను పగలబడి నవ్విన ఆ ఓనరూ, బస్సు తప్పిన ముసలామే, లేడీ డాక్టరూ, అందరూ మా అమ్మ తర్వాత పుట్టినవాళ్లు. ఆమె కట్టిన మొదటి వేషం మా అమ్మ.

"మరి మచ్చలేవి? గోడమీద ఫోటోలో మచ్చలు లేవే?" అన్నాను.

అక్క పౌడరంటిన కొంగు దులుపుకుంది. "ఫోటో తీస్కపోను సారు ఒక్కడే వచ్చినాడు. చూసి, మచ్చలు తీసెయ్యమ్మా అన్నాడు. నల్లగుండాది, కొంచెం తెల్లగ కొట్టు అన్నాడు. పిల్ల చూసి భయపడతాదన్నాడు. పెన్సిలు పెట్టి, లేతగ కొట్టిచ్చినా. ఆ ఫోటో చూసినాక మీ అవ్వ మీ ఇంటి గడప తొక్కలేదంట."

నాకు ఏడుపు రాలేదు. మంట వచ్చింది. "నేను క్లిప్పు సంగతి చెప్పిననాడు నీకేమీ అనిపీలేదా?"

"అనిపిచ్చింది."

"అనిపిస్తే? ఎవురో బాగా తీసినారంటివి గదా!"

ఆమె తల దించుకుంది. "చెప్తే నువ్వు మళ్ల రావని."

"నంద్యాల్లో ఇంగా ఎన్ని గోడల మీద ఉండావు నువ్వు?" అని అరిచాను. ఆమె స్టూలు దిగింది. లోపలికి వెళ్లి, అట్టపెట్టెలు వెతికి, ఒక కాగితం కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. నెగెటివ్.

చీకటి గదిలోకి నేను ఒక్కదాన్నే వెళ్లాను. ఆమె తలుపు బయట నిలబడింది. దూదికి టర్పెంటైన్ తడి చేసి నెగెటివ్ తుడిచాను. దూదికి నల్లటి మసి అంటుకుంది. నాకు ఇన్నాళ్లూ నున్నటి చెంపలై కనిపించింది ఆ మసి. అమ్మను నల్లగా కొట్టాలని వెలుతురు ఎక్కువసేపు ఇచ్చాను. ఎర్రదీపం కింద తొట్టిలో కాగితం ఊపుతుంటే మొదట జుట్టు, తర్వాత కళ్లు, ఆ తర్వాత ఒక్కొక్కటిగా మచ్చలు వచ్చాయి. నుదుటి మీద, చెంపల మీద, ఎడమ కనుబొమ్మను సగం కొరికేస్తూ ఒక పెద్ద గుంత. నేను భయపడతానని నాయన అన్నది ఈ ముఖం చూసే. నాకు భయం వెయ్యలేదు. రెండు కాపీలు కొట్టుకుని, ఆరీ ఆరకముందే కాగితంలో చుట్టుకుని బయటికొచ్చాను. తలుపు దగ్గర అక్క "పాపా" అంది. ఆగలేదు. ఆ తర్వాత ఆ స్టూడియో మెట్లు మళ్లీ తొక్కలేదు.

మరునాడు ఆళ్లగడ్డ బస్సెక్కాను. అవ్వ వాకిట్లో కందులు చెరుగుతోంది. ఫోటో ముందు పెట్టాను. ఈసారి తల తిప్పుకోలేదు. చేట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఫోటోను మోకాళ్ల మీద పెట్టుకుంది. ఒక్కొక్క మచ్చ మీదా వేలు పెడుతూ పోయింది. కనుబొమ్మ గుంత దగ్గర ఆగింది.

"ఇది గోకి గోకి పుండు చేసుకునింది. వద్దంటే ఇనేది గాదు."

"అవ్వా, అమ్మ ఇట్లనే ఉండెనా?"

"మచ్చలు నా బిడ్డవే. మొగం ఆ ఫోటో ఆయమ్మది" అంది అవ్వ. "ముక్కు ఇట్ల యాడుండె? మీయమ్మది మొండి ముక్కు. ఇదో, నీ మొగాన ఉండాదే, అదే."

నా ముక్కు కొస మీద, తుడిచినా కందుల పొడి వదలని వేలు పెట్టింది. ఎన్నేళ్లు క్లిప్పు పెట్టుకున్నానో ఆ ముక్కు మీదే. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

"ఇన్నేండ్లు యాల చెప్పలేదు నువ్వు?"

"చెప్తే నిన్ను ఈడికి పంపనన్నాడు మీ నాయన. నీ మొగమన్నా చూస్కోవాల గదా నేను" అంది. ఒక కాపీ తన దగ్గరే ఉంచుకుంది. లోపలికి తీసుకెళ్లి పొయ్యికి ఎదురుగా గూట్లో నిలబెట్టింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి నాయన వాకిట్లో కుర్చీ వేసుకుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. ఆయన వెనక, తెరిచిన తలుపులోంచి గోడమీది ఫోటో కనబడుతోంది. బస్సులో ఎన్నో మాటలు కూర్చుకున్నాను. మచ్చలు నీకు అంత సిగ్గా అని అడగాలనుకున్నాను. నల్లటి పిల్లను ఎదురుగా పెట్టుకుని తెల్లటి తల్లిని ఎందుకు కొట్టించావని అడగాలనుకున్నాను. గుణమన్నా రానీ అన్న మాటకు బదులు అడగాలనుకున్నాను. ఆయన ముఖం చూశాక ఏదీ ముందు రాలేదు. రెండో కాపీ తీసి పేపర్ల మీద పెట్టాను.

కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టి, మళ్లీ చూశాడు. ఆయన నోటి నుంచి ఒక్క పేరు వస్తే చాలు, అన్నీ వదిలేద్దామని ఆ క్షణంలో అనిపించింది.

"ఎవురు పాపా ఈమె?" అన్నాడు నాయన. "పాపం, మొగం నిండా మచ్చలు."

నేను ఫోటో వెనక్కి తీసుకున్నాను. చర్చిలో అందరి ముందు చెయ్యి పట్టుకుని తెచ్చుకున్న మనిషిని ఆయనకు నేను పరిచయం చెయ్యలేదు. ఆ రాత్రి ప్రార్థన అయ్యాక, ఎప్పటిలాగే, అమ్మకు చెప్పి పండుకో పాపా అన్నాడు. గోడ వైపు చూడకుండా వెళ్లి పడుకున్నాను.